తాడును నమ్మని చిన్నాయన

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున జగదల్‌పూర్ నుంచి సరుకు వేసుకుని వస్తూ తోంగ్‌పాల్ దగ్గర టీ కోసం ఆగాను. గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నాయన పోయిండురా," అన్నది. 

నేను ఏడవలేదు. అసలు నమ్మలేదు. డాక్టరు వచ్చి చూశాడా, నాడి ఎవరు పట్టుకున్నారు, మందుబిళ్ళల మత్తులో ఉన్నాడేమో గట్టిగా పిలిచారా అని వరసగా అడిగాను. చిన్నమ్మ అన్నీ విన్నది. తర్వాత మెల్లగా, "అన్నీ చూసినం బిడ్డా. నువ్వు గూడ ఆయన అడిగినట్టే అడుగుతున్నవ్," అన్నది.

అప్పుడు నమ్మాను. టీ అక్కడే పెట్టేసి బండెక్కాను.

ఆయన మా నాన్నకు ఆఖరి తమ్ముడు. శబరి నది ఒడ్డున కుంట అనే ఊళ్ళో మూడు తరాలుగా కిరాణా వ్యాపారం చేసుకుంటున్న ఇల్లు మాది. కొట్టు మీద కూర్చోనని బయటికి పోయినవాడు ఆయన ఒక్కడే. పైన ఇనుప గనుల్లో రిగ్గర్‌గా చేరాడు. బరువులెత్తే తాళ్ళు, గొలుసులు, కొక్కేలు సరిగ్గా ఉన్నాయో లేవో చూడడం రిగ్గర్ పని. ముప్పై ఏళ్ళు అదే పని చేసి, రిటైరయ్యాక చిన్నమ్మతో కలిసి కుంటకే వచ్చేశాడు. తాళ్ళను అనుమానించే అలవాటు ఆయన వెంటే వచ్చింది. ఇక్కడ తాళ్ళు తక్కువ కాబట్టి, కంటికి కనిపించిన ప్రతిదాన్నీ అనుమానించడం మొదలుపెట్టాడు.

చొక్కా జేబులో ఒక చిన్న అయస్కాంతం, మెడలో దారానికి కట్టిన భూతద్దం ఎప్పుడూ ఉండేవి. ఇత్తడి చెంబు కొంటే అయస్కాంతం ఆనించి చూసేవాడు. మందుల అట్ట మీద తేదీని భూతద్దంతో చదివి, షాపతని చేత కూడా పైకి చదివించేవాడు. భద్రాచలం బస్సు ఎన్నింటికని ముగ్గురిని అడిగేవాడు. ముగ్గురూ ఒకే టైము చెబితే, ఆ ముగ్గురూ ఒకే మనిషిని అడిగి ఉంటారని నాలుగో మనిషి కోసం చూసేవాడు. చిన్నమ్మ ఇచ్చిన టీలో చక్కెర వేశానని చెప్పినా ఒక గుక్క తాగి చూసుకునేవాడు. నలభై ఏళ్ళ కాపురం చేసిన మనిషి ఆమె. ఆమెకు అది కోపం కాదు, కాలక్షేపం. ఒక్కోసారి కావాలనే వేయకుండా ఇచ్చి, వేశానని చెప్పేది.

ఇదంతా పిసినారితనం కాదు. మనుషులంటే పడకపోవడమూ కాదు. ఊళ్ళో ఎవరింట్లో కొత్త వస్తువు దిగినా ఆయన వసారాలోకి తెచ్చి పెట్టేవారు. తాటిచెట్లెక్కే ఒకతను ఏటా తన మోకు తెచ్చి చూపించుకుని పోయేవాడు. చిన్నాయన దాన్ని మోకాళ్ళ మీద వేసుకుని జానెడు జానెడుగా తిప్పుతూ, పురి విప్పి లోపలికి చూసేవాడు. పైపైన చూస్తే ఏమీ తెలియదనేవాడు. "పేరు చదువుడు కాదు, పోగు చదవాలె," అన్నది ఆయన నోట తరచుగా వచ్చే మాట. ఆయన సరేనన్నాకే ఆ తాటిచెట్లతను చెట్టెక్కేవాడు. దేన్నీ నమ్మని మనిషి మాటను ఊరు నమ్మేది.

ఇక నా సంగతి. నాకో పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు ఉంది. వారానికి రెండు మూడు రోజులు గొల్లపల్లి, కిష్టారం సంతలకు ఉప్పు, నూనె, సబ్బులు, ఎండుచేపలు వేసుకుని పోతాను. వచ్చేటప్పుడు చింతపండో, ఇప్పపువ్వో, ఎవరైనా మనుషులో ఉంటారు. రోడ్డు చాలా దూరం బాగుపడింది కానీ వానాకాలంలో వాగులు వాటి పని అవి చేస్తాయి. అందుకే జీపు ముందు వించ్ బిగించుకున్నాను. అంటే ఒక మోటారు, దానికో చక్రం, చక్రానికి చుట్టిన పొడుగాటి తాడు. బండి దిగబడితే తాడు లాక్కుపోయి ఎదుటి ఒడ్డున చెట్టుకు తగిలించి మోటారు తిప్పాలి. బండి తనను తానే బయటికి లాక్కుంటుంది.

వించ్‌తో పాటు వచ్చింది ఇనుప తాడు. మూడో ఏడు వచ్చేసరికి దాని తీగలు తెగి ముళ్ళలా పైకి లేచాయి. తొడుగులు వేసుకున్నా అరచేతుల్లో దిగేవి, చీము పట్టేది. సుక్మాలో ఒక డ్రైవరు దగ్గర సింథటిక్ తాడు చూశాను. బూడిద రంగులో, చేత్తో పట్టుకుంటే చీరంత తేలిక. తెగినా ఇనుప తాడంత ఘోరంగా మనిషి మీదికి రాదని చెప్పాడు. అదే కొనాలని మనసులో పడింది. పేరున్న కంపెనీది అడిగితే నా బండి టైర్లన్నీ మార్చుకోవచ్చు, అంత చెప్పారు. ఫోనులో వెతికితే చౌకవి కుప్పలుగా కనిపించాయి. చిన్నాయనకు చూపించాను.

ఆయన తాళ్ళను చూడలేదు, ఫొటోలు చూశాడు. ఒక్కో ఫొటోను భూతద్దం కింద పెట్టి చాలాసేపు కూర్చుని, చివరికి, "ఆరు కంపెనీల తాళ్ళను ఒక్కటే చెయ్యి పట్టుకున్నదేందిరా?" అన్నాడు. నిజమే. ఆరు పేర్లు, ఆరు ధరలు. అన్నిట్లోనూ బొటనవేలి గోరు మీద అదే నల్లటి మచ్చ.

తర్వాత ఆయనే వివరంగా చెప్పాడు. అసలైన పోగు నీళ్ళకంటే తేలిక, ముక్క కోసి బకెట్లో వేస్తే తేలాలి. పాలిస్టర్ పోగుతో అల్లి అదే రంగు పూస్తే చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ మునుగుతుంది. అయితే నీళ్ళొక్కటే చాలదు. చౌక ప్లాస్టిక్ తాడు కూడా తేలుతుంది. అందుకే కత్తి కూడా పెట్టాలి. అసలు పోగు కొవ్వొత్తిలా నున్నగా ఉండి కత్తిని జారనిస్తుంది, తొందరగా తెగదు. నకిలీ పోగు టక్కున తెగుతుంది. ఈ రెండూ చూడకుండా ఏ తాడూ బండికి ఎక్కకూడదన్నాడు.

ఇద్దరం జగదల్‌పూర్ పోయాం. ఒక పెద్ద దుకాణంలో అందమైన సంచిలో, ఎర్ర కొక్కెంతో సహా తాడు చూపించారు. ధర నాకు అందుబాటులోనే ఉంది. చిన్నాయన ఒక ముక్క కోసిమ్మన్నాడు. దుకాణదారు నవ్వి, కొత్త మాల్ కోస్తే ఎవరు కొంటారని హిందీలో అడిగి, "భరోసా రఖియే," అన్నాడు. నమ్మకం ఉంచమని.

"భరోసా ఇంటికాడ పెట్టి వచ్చిన. ముక్క ఇయ్యి," అన్నాడు చిన్నాయన తెలుగులోనే. అర్థం కాకపోయినా దుకాణదారుకు మొహం అర్థమైంది. కొసన వేలాడే నాలుగు పోగులైనా ఇమ్మంటే అదీ కుదరదన్నాడు. చిన్నాయన సంచి మీద చెయ్యి తీసేసి, "తాడు మంచిదే అయితే కత్తికి భయపడేది దుకాణపాయన గాదు," అని బయటికి నడిచాడు. అక్కడున్న నలుగురైదుగురు గిరాకీలు మమ్మల్ని వింతగా చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

తిరుగుదారిలో నాకూ ఒక అనుమానం పుట్టింది, ఆయన మీదే. జీవితమంతా ఇనుము పట్టుకుని బతికిన మనిషికి ఈ కొత్త రకం తాడంటే లోపల గిట్టడం లేదేమో అనుకున్నాను. ఏ తాడు తెచ్చినా ఏదో వంక పెడతాడనుకున్నాను. లేకపోతే నేను వానల్లో కిష్టారం పోవడం చిన్నమ్మకు ఇష్టం లేక, ఆయన చేత ఇలా ఆపిస్తున్నదేమో అని కూడా అనుకున్నాను. అనుమానం ఒకసారి మొదలైతే దానికి మేత దొరుకుతూనే ఉంటుంది. ఆ వారమంతా ఆయన ఏం మాట్లాడినా నాకు అలాగే వినపడింది.

ఆయన భద్రాచలంలో కూతురింటికి పోయిన పది రోజుల్లో నేను ఫోనులో ఒక చౌక తాడు తెప్పించాను. నల్లమచ్చ గోరు ఉన్న ఫొటో కాదని చూసుకుని మరీ తెప్పించాను. సంచి విప్పితే బాగానే అనిపించింది. బకెట్లో వేయాలంటే ముక్క కోయాలి, కోస్తే వాపసు తీసుకోరు. తొలకరి పడింది. గొల్లపల్లి సంతకు సరుకు మాటిచ్చి ఉన్నాను. పాత ఇనుప తాడు విప్పేసి కొత్తది చుట్టేశాను.

ఆ సాయంత్రమే, నేను తాడు తెప్పించానని ఎవరో చెప్పగా, చిన్నాయన ఫోన్ చేశాడు.

"నీళ్ళల్ల వేసినవా?"

"వేసిన. తేలింది."

"కత్తి?"

"జారింది చిన్నాయనా."

"సరె అయితే," అని పెట్టేశాడు.

ఇంకా అయిదారు ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఒక్కటీ అవసరం రాలేదు. బతికిపోయాననుకున్నాను.

భద్రాచలం నుంచి వచ్చాక ఒక సంత రోజున ఆయనా నాతో బయల్దేరాడు. గొల్లపల్లిలో ఎవరో పాత పరిచయస్తుణ్ణి చూడాలన్నాడు. వెనక మిరపకాయలు అమ్మే ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కారు. దారిలో చెక్‌పోస్టు దగ్గర జవాను వించ్ మీది తాడు చూసి ఇది దేనికని అడిగాడు. నేను చెప్పేలోపు చిన్నాయన, మీరు అడగడమే మంచిది, అందరూ ఇలాగే అడగాలని హిందీలో అతన్ని మెచ్చుకున్నాడు.

గొల్లపల్లి ఇంకో మూడు మైళ్ళుందనగా వాగులో ముందు చక్రాలు దిగబడ్డాయి. నీళ్ళు మోకాలి లోతే కానీ కింద మెత్తటి ఇసుక. నేను తాడు లాక్కుపోయి ఎదుటి ఒడ్డున ఒక మద్దిచెట్టుకు తగిలించి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాను. చిన్నాయన ఆడవాళ్ళను దింపి, తాడు వరసలో కాకుండా పక్కకు, దూరంగా నిలబెట్టాడు. అప్పటికే ఎదుటి ఒడ్డున, మద్దిచెట్టుకు రెండు బారల దూరంలో ఒక ముసలి రైతు కావడి దించి, చుట్ట వెలిగించుకుని కూర్చుని ఉన్నాడు. చిన్నాయన లేవమన్నాడు. ఆయన లేవలేదు. తన వాగు, తన ఊరు, ఎన్ని బండ్లను ఇక్కడ చూడలేదని దోర్లీ భాషలో ఏదో అన్నాడు. చిన్నాయన వాదించలేదు. నీళ్ళలో నడిచిపోయి ఆయన కావడి భుజానికెత్తుకుని పక్కకు నడిచాడు. ముసలాయన తిట్టుకుంటూ తన కావడి వెనకాలే లేచి వచ్చాడు.

నేను మోటారు తిప్పాను. తాడు బిగిసింది. బండి కదల్లేదు. తాడు ఇంకా ఇంకా సాగుతోంది. అలా సాగకూడదని చిన్నాయన ఎప్పుడో చెప్పాడు. అది గుర్తొచ్చి నేను చెయ్యి తీసేలోపే తుపాకీ పేలినట్టు చప్పుడైంది. తాడు బండి దగ్గర తెగి, సాగిన బలమంతటితో అవతలి ఒడ్డు మీదికి పోయింది. ముసలాయన కూర్చున్నచోట నేల మీద గీత పడింది. తుమ్మపొద కొమ్మ ఒకటి విరిగి వేలాడింది. బండి ఒకసారి వెనక్కు ఊగి ఆగింది.

 ముసలాయన తను కూర్చున్న చోటును చూసి, చుట్ట పారేసి, చిన్నాయన చేతుల్లోంచి కావడి తీసుకుని వెళ్ళిపోయాడు.

చిన్నాయన తెగిన కొస పట్టుకుని వాగులోకి దిగాడు. జేబులోంచి కత్తి తీసి జానెడు ముక్క కోశాడు. కత్తి ఎక్కడా జారలేదు. ముక్కను నీళ్ళలో వదిలాడు. అది మునిగి, ఇసుక మీద పడుకుంది. నీళ్ళు తేటగా లేకపోయినా ఇద్దరికీ కనిపించింది. ఆయన దాన్నే చూస్తూ అడిగాడు.

"నిజంగ చూసినవారా?"

"లేదు చిన్నాయనా."

"ఆ ముసలాయన ఆడనే కూసుంటే, ఆయనింట్ల ఏం చెప్పేటోనివి?"

 ఆయన జవాబు కోసం ఎదురుచూడకుండా ఒడ్డెక్కాడు. మధ్యాహ్నం ఒక ట్రాక్టరు వచ్చి మమ్మల్ని లాగింది.  చిన్నాయన నన్ను తిట్టలేదు. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

కానీ మర్నాటి నుంచి నన్ను పరీక్షించడం మొదలుపెట్టాడు. ఇంజన్ ఆయిలు చూశానంటే, తను వచ్చి మళ్ళీ కడ్డీ తీసి చూసేవాడు. గొల్లపల్లి చేరానని ఫోన్ చేస్తే, పక్కనున్నవాళ్ళకు ఫోనిమ్మని ఏ ఊళ్ళో ఉన్నారని అడిగేవాడు. అన్నం తిన్నానన్నా చిన్నమ్మను అడిగి తెలుసుకునేవాడు. నాకు ఒళ్ళు మండింది. ఒకరోజు చిన్నమ్మ దగ్గర కూర్చుని, నన్ను కూడా దొంగను చూసినట్టు చూస్తున్నాడని చెప్పుకున్నాను. ఆమె బియ్యం ఏరుతూ చెయ్యి ఆపింది.

"లోకంల అందరినీ అడిగేటోడు. నన్ను గూడ అడిగేటోడు. నిన్నొక్కన్నే రెండోసారి అడగకపోయేది. ఇన్నేండ్లు నువ్వు చూడలేదా?" అన్నది.

నేను చూడలేదు. ఆ ఫోనులో "సరె అయితే" అన్న మాట ఎంత పెద్దదో ఆమె చెప్పేదాకా నాకు తెలియలేదు. దానికంటే ఆ వాగులో తాడు నన్ను కొట్టి ఉంటే తక్కువ నొప్పి ఉండేదనిపించింది.

నెల తర్వాత ఒక పొద్దున ఆయనే వచ్చి, కాకినాడ పోదాం పదమన్నాడు. బండి తాళ్ళ దుకాణాల్లో మనకు అందుబాటులో మంచి తాడు దొరకదని, పడవలకు తాళ్ళు అమ్మేచోట అదే పోగుతో అల్లిన తాడు మీటర్ల లెక్కన దొరుకుతుందని చెప్పాడు. కొక్కెం ఉండదు, అందమైన సంచి ఉండదు, కొసన ఉచ్చు కూడా మనమే అల్లుకోవాలి. అందుకే చౌక. ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అడగబోయి ఊరుకున్నాను. ఇంతకాలం నేను సరిగ్గా అడగలేదు.

రేవు దగ్గర నాలుగో దుకాణంలో ఒక పెద్దాయన మేం అడక్కముందే ముక్క కోసి మా చేతిలో పెట్టాడు. తన బిందెలోనే వేసి చూసుకోమన్నాడు. అది తేలింది. కత్తి జారింది. చుట్టలో ఒకచోట అతుకుందని, రంగు కూడా సమంగా పట్టలేదని, అందుకే ధర తగ్గించామని, అతుకు ఉన్న భాగం వదిలేసి కోసిస్తానని ఆయనే చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. చిన్నాయన మొహం మాత్రం ఇంకా ముడుచుకుంది. నన్ను బయటికి లాక్కొచ్చాడు.

"ఇంత నిజం ఎందుకు చెప్తున్నడురా ఈయన?" అన్నాడు.

ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చుని గంటసేపు ఆ దుకాణాన్నే చూశాం. పడవలవాళ్ళు ఎంతమంది వస్తున్నారు, వచ్చినవాళ్ళు పోట్లాడడానికి వస్తున్నారా కొనడానికా, కొన్నవాళ్ళు మళ్ళీ వస్తున్నారా అని. ఒకతన్ని ఆపి ఎన్నేళ్ళుగా ఇక్కడ కొంటున్నావని అడిగాడు. వాళ్ళ నాన్న కూడా ఇక్కడే కొనేవాడని అతను చెప్పాడు. చిన్నాయన మూడో టీ తాగి లేచాడు. ముప్పై మీటర్లు కొన్నాం, చిటికెనవేలు లావు తాడు. ఒక్కో మీటరునూ వేళ్ళ మధ్య జరుపుకుంటూ తనే కొలిచాడు. పేరున్న కంపెనీది అడిగితే చెప్పినదాంట్లో మూడో వంతు కూడా కాలేదు.

తిరుగు బస్సులో తాడు సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. రాజమండ్రి దాటాక ఉన్నట్టుండి మొదలుపెట్టాడు. గనుల్లో చేరిన కొత్తలో ఒక కొత్త తాడు వచ్చింది. దానితో పాటు పరీక్ష చేశామని కాయితం వచ్చింది. పని తొందరలో ఉంది. కాయితం చూసి ఈయన సంతకం పెట్టాడు. ఎత్తుతుంటే తెగింది. కింద ఉన్నవాడు ఈయన స్నేహితుడు, పక్క క్వార్టర్‌లో ఉండేవాడు.

"కాయితం మీద తాడు మంచిగనే ఉండె," అన్నాడు. "వాని పెండ్లాం నన్ను ఒక్క మాట అనలే. అన్నా బాగుండు. మీ చిన్నమ్మకు గూడ ఇంతదాక చెప్పలే."

నేను ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. ఆయన కిటికీలోంచి చూస్తూనే అన్నాడు. "మల్ల నీ మాట విని అదే పని చేసిన. ఇగ నువ్వు నన్ను గూడ నమ్మకు. నేను చెప్పిందైనా నువ్వొకసారి చూసుకో."

క్షమించమని అడగాలనుకున్నాను. అనుకుంటుండగానే భద్రాచలం వచ్చేసింది.

ఇంటికొచ్చాక వారం రోజులు వసారాలో తాడు కొసను ఉచ్చుగా అల్లడం నేర్పాడు. ఖాళీ పెన్ను గొట్టంలో తాడు మొన దూర్చి, దాన్ని తాడు కడుపులోనుంచే నడిపించాలి. బెత్తెడు నడిపిస్తే చాలదు, మూరెడు పైన పోవాలి. నేను అల్లింది తీసి పారేసి మళ్ళీ అల్లించేవాడు. ఎనిమిదోసారికి ఊరుకున్నాడు. పాత ఇనుప తాడు బండి ముందు తాడు బయటికి వచ్చేచోట ఉండే రోలర్లను గీసి ఉంటుందని, ఆ గరుకు కొత్త తాడును కోసేస్తుందని దూది తెచ్చి రోలర్ల మీద రుద్దాడు. దూది ఎక్కడ చిక్కుకుంటే అక్కడ గరుకున్నట్టు. మూడు చోట్ల చిక్కింది. రోలర్లు పీకించి నున్నటి అల్యూమినియం దిమ్మ పెట్టించాడు. చక్రం మీద ఎప్పుడూ పది చుట్లు మిగిలి ఉండాలన్నాడు. ప్రతి సంత నుంచీ రాగానే తాడంతా తనే ఒకసారి చదివేవాడు. నేను చదివానని చెప్పినా చదివేవాడు. నేనూ అలవాటు పడ్డాను. ఆయన చూసిందాన్ని నేనూ మళ్ళీ చూసేవాణ్ణి. చెప్పాడు కాబట్టి.

ఆ తాడు రెండు వానాకాలాలు దాటింది. నా బండినే కాదు, ధాన్యం ట్రాలీని, ఒకసారి పెళ్ళివారి వ్యానును కూడా లాగింది.

ఈ ఏడు వానలకు ముందే ఆయన ఒంట్లో బాగాలేదు. గుండె నీరసించిందని డాక్టరు చెప్పాడు. రెండో డాక్టరూ అదే చెబితే, మొదటాయన చీటీ చూసి చెప్పి ఉంటాడన్నాడు. వసారాలో మంచం మీదే ఉండేవాడు. ఆషాఢంలో ఒక రాయికి ఒరుసుకుని తాడు కొస చెడింది. నేను చెడిన భాగం తీసేసి కొత్త ఉచ్చు అల్లి, ఎప్పటిలాగే తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. భూతద్దం మెడలోనే ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. తాడు మీద చెయ్యి ఒకసారి వేసి తీసేశాడు.

"ఎవరు అల్లిండ్రు?"

"నేనే."

"మరి నాకెందుకు చూపిస్తున్నవ్?" అని టీ గ్లాసు అందుకున్నాడు.

ఆ రోజు నేను ఆ వసారా దిగి రోడ్డు మీదికి వచ్చేసరికి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. చాలా రోజులు ఆ మాటనే తలుచుకుని సంతోషపడ్డాను. ఆ తర్వాత ఆయన దగ్గర నేర్చుకున్న బుద్ధి ఊరుకోలేదు. ఆయన నన్ను మళ్ళీ నమ్మి చూడలేదా, లేక అప్పటికే కళ్ళు మసకబారి చూడలేకపోయాడా? గ్లాసు అందుకోవడానికి చెయ్యి ఒకసారి గాల్లో తడుముకున్నట్టు నాకు గుర్తుంది. గుర్తుందో, నేనే కల్పించుకుంటున్నానో. దినాలయ్యాక చిన్నమ్మను అడిగాను. ఆఖరి నెలల్లో ఆయనకు సరిగ్గా కనపడేదా అని.

"ఆయన కండ్ల సంగతి నాకెప్పుడు చెప్పిండురా," అన్నది. మళ్ళీ తనే, "నీకు ఏది మంచిగనిపిస్తే అది అనుకో," అన్నది. ఆయన ఉంటే ఆ మాట ఒప్పుకునేవాడు కాదు.

ఆయన పోయిన రోజు పాడె కట్టేటప్పుడు ఎవరో కొబ్బరి తాడు తెచ్చారు. నేను దాన్ని తీసుకుని జానెడు జానెడుగా తిప్పి చూశాను. ఒకచోట పురి లోపల చివికి ఉంది. వేరే తాడు తెమ్మన్నాను. శాస్త్రులుగారు పొద్దుపోతోందన్నారు కానీ మావాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. తాటిచెట్లతను సైకిలెక్కి పోయి తెచ్చాడు. అది కూడా చూశాకే కట్టనిచ్చాను.

నిన్న కిష్టారం సంత నుంచి వచ్చేసరికి తాడు నిండా బురద. ఇసుక రేణువులు పోగుల్లో ఉంటే లోపలి నుంచి కోస్తాయి. ఈ పొద్దున చక్రం మీద నుంచి మొత్తం విప్పి, చిన్నమ్మ వాళ్ళ బావి దగ్గర రెండు గంటలు కడిగాను. ఎండ తగలకూడదని వసారాలో ఈ మూల నుంచి ఆ మూలకు వరసలుగా కట్టి ఆరేశాను. నీళ్ళు బొట్లుబొట్లుగా గచ్చు మీద పడుతున్నాయి. చిన్నమ్మ పెరట్లో పూలు కోసి పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. ఒక వరస కింద వంగి, రెండో వరస కింద వంగి, మధ్యలో ఆగింది. పళ్ళెం నడుముకు ఆనించుకుని, తడి తాడును రెండు వేళ్ళతో పట్టుకుని కొంచెం దూరం అలా జరుపుకుంటూ నడిచింది. మూల దాకా పోయి, వేళ్ళకు ఇసుక అంటిందేమోనని చూసుకుని, కొంగుకు తుడుచుకుని, పూజకు లోపలికి పోయింది.